గురుగృహముల కప్పులును సంఘముల బాధ్యతయు

దేవాలయము కట్టించినవారి పేరు శిలాఫలకముపై నిలుచును. ఏటేట దాని పెంకులు తిరుగవేయించిన వారి పేరు ఎచ్చటను కానరాదు. ఐనను కట్టడము నిలుచుట వీరివలననే. మన సంఘ సభ్యులును పోషకులును ఆలోచింపదగిన యీ విషయమును, బొగ్గుగనుల సీమయందలి క్రైస్తవ గురుగృహముల నుదాహరణముగా గొని విన్నవించెదను.

1871 లో డాక్టరు విలియం కింగు ఇల్లెందు చెంత బొగ్గును కనుగొనెను. 1886 లో హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కును పొందెను. 1920 లో సింగరేణి కాలరీస్ కంపెనీ యేర్పడెను. ఇల్లెందు బొగ్గు ప్రధాన రైలుమార్గమును చేరు చోటు డోర్నకల్లు. 1912 డిసెంబరు 29 న కలకత్తాలో అభిషిక్తులైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు ఆ డోర్నకల్లునకే ప్రథమ బిషప్పులైరి. ఆంగ్లికన్ సంఘమున బిషప్పు పదవి నందిన తొలి భారతీయులు వారే.

వారి సంఘస్థులలో అధికులు మాల మాదిగ కూలిజనులు. దరిద్రమైన సంఘమైనను తన గురువును తానే పోషించుకొనవలయునని అజరయ్యగారి సిద్ధాంతము. కనుక గృహిణులు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి వేరుగా నుంచెడివారు. కోతల పండుగనాడు ధాన్యము, కోళ్లు, మేకలు, కూరగాయలు కానుకలుగా వచ్చెడివి. ఇట్టి దాతృత్వమునకు అలవడిన జనుల నడుమనే డోర్నకల్ మహాదేవాలయము వెలసి, 1939 జనవరి 6 న ప్రతిష్ఠితమయ్యెను.

కాని నూతన నిర్మాణమునకు దాతలు దొరకినంత సులభముగా మరమ్మతునకు దొరకరు. గురుగృహము విషయమున చిక్కు మరింత హెచ్చు. అందు నివసించు గురువు కొంతకాలమునకు బదిలీయై పోవును. దక్షిణ ఇండియా సంఘమున ఆస్తి, 1947 లో నేర్పడిన ట్రస్టు అసోసియేషను పేర నుండును. సొమ్మీయవలసినవారు స్థానిక సంఘస్థులు. ముగ్గురికిని సంబంధమున్న కప్పును ముగ్గురిలో నెవ్వరును చూడకుండుట సంభవము. ఇంతలో గాలికిని కోతులకును నాలుగు పెంకులు తొలగును; నీరు వాసములపై దిగును; తడిసిన కలపకు చెదలు పట్టును. రెండునాళ్ల కూలితో తీరవలసిన పని దూలము మార్చుదాక పోవును.

ఈ తగవు ఇంగ్లండులోను చిరకాలము సాగినది. పోయిన గురువు కప్పు చెడగొట్టెనని వచ్చిన గురువు నష్టపరిహారము కోరుట అచటి ఆచారము. 1777 ప్రాంతమున గిల్బర్టు చట్టము, గురువు తన పదవి రాబడిని తాకట్టుంచి గృహమునకై అప్పు తెచ్చుకొనుట కనుమతించెను. 1871 చట్టము సర్వేయరుల తనిఖీని నెలకొల్పెను. తుదకు 1972 లో వచ్చిన శాసనముచే ఆ భారము గురువుపైనుండి తొలగి, మండల బోర్డునకు చేరెను. అయిదేండ్ల కొకతూరి తనిఖీయు నియతమయ్యెను. వ్యక్తి ఋణము సంఘ ఋణముగా మారుటకు ఇంచుమించు రెండువందల యేండ్లు పట్టినది.

గోదావరిఖని, రామగుండము ప్రాంతముల పరిస్థితి వేరు. 1960 తరువాత గనులు విస్తరింపగా నలుదిక్కుల కార్మికులు వచ్చి చేరిరి. 1978 లో కరీంనగరు మండలము డోర్నకల్లునుండి వేరుపడెను. ఇచట పిడికెడు బియ్యమునకు మారుగా నెలజీతమునుండి రొక్కము వచ్చుటకు వీలున్నది. ఐతే క్వార్టరులో వసించువాడు తన కప్పునకై కంపెనీ వైపు చూచుట కలవాటుపడును. ఉద్యోగవిరమణానంతరము క్వార్టరు విడిచి పోవును. నేటి దాత రేపు ఊరనుండడు. కావున వ్యక్తుల ఔదార్యముకంటె లెక్కపుస్తకమే ఇచట నమ్మదగినది.

ఈ చరిత్ర క్రైస్తవ సోదరులకు మాత్రమే కాదు, మన కుల వసతిగృహములకును, సత్రములకును వర్తించును. ఆస్తి యెవరిదో, తనిఖీ యెవరిదో, ఖర్చెవరిదో తీర్మానపూర్వకముగ వ్రాసికొనవలెను. మృగశిర కార్తెకు ముందే కప్పును చూపించవలెను. మరమ్మతు నిధిని ఉత్సవ నిధిలో కలుపరాదు. దాని జమాఖర్చులను మహాసభలో చదివి వినిపింపవలెను. పోషక మహాశయులు శిలాఫలకమునకు ఇచ్చు విరాళములో కొంత భాగమును పెంకులకును ఇత్తురు గాక! మన పెద్దలు పిడికెడు పిడికెడుగా కూర్చినది మన యేమరుపాటున వాననీటి పాలు కాకుండు గాక!