ఆన్‌లైన్ గుర్తింపు

ఆన్‌లైన్ గుర్తింపు అనగా అంతర్జాలంలో ఒక వ్యక్తి ఎవరో ఇతరులకు తెలియజేసే సమాచారమంతా. సభ్యనామం, ఫోటో, ఉద్యోగం, ఊరు, మిత్రుల జాబితా, వ్యాఖ్యలు, ఇతరులకు పంపే సందేశాలు అన్నీ ఇందులో భాగమే. ఈ గుర్తింపులో కొంత భాగాన్ని వ్యక్తి స్వయంగా ప్రకటించుకుంటాడు. కొంత తనకు తెలియకుండానే పోగవుతుంది. మరికొంత ఇతరులు అతనికి అంటగడతారు. కాబట్టి ఒకరు పంచుకొనే సమాచారం వలన కలిగే ఫలితం వారితోనే ఆగదు. సహోద్యోగులు, కుటుంబసభ్యులు, ఒక్కొక్కసారి ముక్కూమొహం తెలియని బాటసారులు కూడా దానిని అనుభవించవలసి వస్తుంది. హైదరాబాదులోని కంచన్‌బాగ్ పరిసరాలలో 2022లోను, దాని పొరుగున ఉన్న చాంద్రాయణగుట్టలో 2018లోను జరిగిన రెండు ఉదంతాలు ఇందుకు ఉదాహరణలు.

భావన

మనిషి ఎదుటివారిని బట్టి తనను తాను వేర్వేరు విధాలుగా ప్రదర్శించుకుంటాడని సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1950వ దశకంలో వివరించాడు. కార్యాలయంలో అధికారి ముందు, ఇంట్లో పిల్లల ముందు, పెళ్ళిలో బంధువుల ముందు ఒకే వ్యక్తి తీరు ఒకే విధంగా ఉండదు. అంతర్జాలంలో ఈ ప్రేక్షకులందరూ ఒకే చోట చేరుతారు. స్నేహితుల కోసం పెట్టిన ఫోటోను అధికారి, బంధువు, అపరిచితుడు కూడా చూడగలరు.

అసలు పేరు దాచుకోవడం దానంతట అది తప్పు కాదు. తెలుగు సాహిత్యంలో కలంపేరు గౌరవనీయమైన సంప్రదాయం. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీగా, భాగవతుల సదాశివ శంకరశాస్త్రి ఆరుద్రగా ప్రసిద్ధులు. "బీనాదేవి" అన్నది భార్యాభర్తలిద్దరూ కలిసి రాయడానికి పెట్టుకున్న పేరు. కలంపేరుతో రాసే వ్యక్తి తన రచనకు తాను బాధ్యత వహిస్తాడు. ఎదుటివారిని నమ్మించి లాభం పొందడానికి లేని హోదాను, లేని ఉద్యోగాన్ని కల్పించుకోవడం మారువేషం. ఈ రెండింటికీ తేడా పేరులో లేదు, ఉద్దేశంలో ఉన్నది.

గుర్తింపు ఏర్పడే విధానం

ఆన్‌లైన్ గుర్తింపు మూడు విధాలుగా ఏర్పడుతుంది.

1. ప్రకటించినది: పేరు, చదువు, ఉద్యోగం, పుట్టినరోజు వంటి వివరాలను వ్యక్తి స్వయంగా నింపుతాడు.
2. పోగైనది: విడివిడిగా చూస్తే ప్రాముఖ్యం లేని వివరాలు కలిసి ఒక చిత్రమవుతాయి. ఉదాహరణకు ఉద్యోగ విరమణ సన్మానం ఫోటోను తీసుకోవచ్చు. వెనుక కట్టిన బ్యానరుపై పేరు, హోదా, విభాగం, తేదీ ఉంటాయి. పక్కన నిలబడిన సహోద్యోగుల పేర్లను ఫోటోకు జోడిస్తే, ఆ విభాగంలో ఎవరెవరు పనిచేస్తున్నారో ఒక్క ఫోటోతో తెలిసిపోతుంది. అనేక స్మార్ట్‌ఫోన్లు ఫోటో తీసిన స్థలం యొక్క అక్షాంశ రేఖాంశాలను కూడా ఆ దస్త్రంలోనే నమోదు చేస్తాయి.
3. అంటగట్టినది: ఇతరులు ఒక వ్యక్తి గురించి లేదా ఒక వర్గం గురించి రాసేది, పంపేది.

కంచన్‌బాగ్ పరిస్థితి

కంచన్‌బాగ్ హైదరాబాదు పాతబస్తీకి ఆగ్నేయ దిశలో ఉన్నది. రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థకు (డీఆర్‌డీవో) చెందిన క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్, లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఇక్కడ ఉన్నాయి. క్షిపణులను తయారుచేసే భారత్ డైనమిక్స్ (1970), ప్రత్యేక లోహాలను తయారుచేసే మిధాని (1973) కూడా ఇక్కడివే. 1982లో ఏ.పి.జె. అబ్దుల్ కలాం డీఆర్‌డీఎల్ సంచాలకులుగా వచ్చారు. మరుసటి ఏడాది ప్రారంభమైన సమగ్ర క్షిపణి అభివృద్ధి కార్యక్రమంలో పృథ్వి, అగ్ని, ఆకాశ్, త్రిశూల్, నాగ్ క్షిపణులు రూపొందాయి. 1988లో కంచన్‌బాగ్‌కు దక్షిణాన రీసెర్చ్ సెంటర్ ఇమారత్ (ఆర్‌సీఐ) ఏర్పడింది.

ఈ సంస్థల పేర్లు రహస్యం కావు. బోర్డులపై అందరికీ కనిపిస్తాయి. లోపల ఎవరు ఏ పని చేస్తున్నారన్నదే కాపాడవలసిన విషయం. శాస్త్రవేత్తలతో పాటు ఒప్పంద ఉద్యోగులు, సాంకేతిక నిపుణులు కూడా ఇక్కడ పనిచేస్తారు. అందుచేత ఇతర ఊళ్ళలో గర్వకారణంగా మాత్రమే ఉండే "నేను ఫలానా చోట ఉద్యోగిని" అన్న ఒక్క వాక్యం, ఇక్కడి వారి విషయంలో గాలించేవారికి ఆనవాలు కాగలదు.

2022 ఉదంతం

2022 జూన్‌లో ఆర్‌సీఐలో పనిచేసిన ఒక ఒప్పంద ఉద్యోగిని రాచకొండ పోలీసులు అరెస్టు చేశారు. పోలీసుల కథనం ప్రకారం, అతడు తాను డీఆర్‌డీవోలో పనిచేస్తున్నట్లు ఫేస్‌బుక్‌లో రాసుకున్నాడు. 2020 మార్చిలో ఒక మహిళ పేరుతో స్నేహ అభ్యర్థన వచ్చింది. ఆమె తాను బ్రిటన్‌కు చెందిన ఒక రక్షణ పత్రికలో పనిచేస్తున్నానని, తన తండ్రి పూర్వం భారత వాయుసేనలో ఉండేవారని చెప్పుకున్నది. 2021 డిసెంబరు వరకు సాగిన పరిచయంలో అతడు రహస్య సమాచారాన్ని ఆమెకు అందించాడన్నది అభియోగం. ఆ ఖాతా పాకిస్తాన్ గూఢచార సంస్థకు చెందినదని పోలీసులు అనుమానించారు. అధికార రహస్యాల చట్టం, 1923 క్రింద కేసు నమోదైంది.

ఈ ఉదంతంలో ఒక ప్రకటిత గుర్తింపుకు సరిపోయేలా మరొక కల్పిత గుర్తింపు తయారైందని గమనించవచ్చు. రక్షణ రంగంలోని ఉద్యోగికి రక్షణ పత్రిక విలేఖరి, సైనికుని కుమార్తె సహజంగానే తన వర్గం మనిషిగా తోస్తుంది.

ఇతర ఉదంతాలు

2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఏడుగురు నౌకాదళ సిబ్బందిని ఇటువంటి అభియోగంపైనే అరెస్టు చేశారు. విశాఖపట్నంలోని కొండ పేరు మీదుగా ఈ దర్యాప్తును "డాల్ఫిన్స్ నోస్" అని పిలిచారు. ఆ తరువాత నౌకాదళం తన స్థావరాలలోను, నౌకలలోను స్మార్ట్‌ఫోన్లను, సిబ్బంది ఫేస్‌బుక్ వాడకాన్ని నిషేధించింది. 2020 జులైలో భారత సైన్యం ఫేస్‌బుక్ సహా 89 యాప్‌లను తొలగించమని తన సిబ్బందిని ఆదేశించింది.

అమెరికాలో థామస్ రయన్ అనే భద్రతా నిపుణుడు 2009 చివరలో "రాబిన్ సేజ్" అనే లేని యువతి పేరుతో ఖాతాలు తెరచి పరీక్షించాడు. సైన్యానికి, భద్రతా రంగానికి చెందిన అనేకులు ఆమెను పరిచయస్తురాలిగా అంగీకరించారు. ఒకరు అంగీకరించగానే, అది చూసి మరొకరు నమ్మడం ఇందులో కీలకం. అనగా మిత్రుల జాబితాలో ఒక పేరును చేర్చుకోవడం, తెలియకుండానే ఆ వ్యక్తికి పూచీ పడడం వంటిది.

అంటగట్టిన గుర్తింపు: 2018 చాంద్రాయణగుట్ట

2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్‌లో వదంతులు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రాలలో వ్యాపించాయి. ఆ నెలాఖరులో, రంజాన్ మాసంలో, భిక్షాటనకు పాతబస్తీకి వచ్చిన ట్రాన్స్‌జెండర్ మహిళలపై చాంద్రాయణగుట్టలో గుంపు దాడి చేసింది. వారిలో ఒకరు మరణించారు. ఈ గుర్తింపు ఆమె స్వయంగా ప్రకటించుకున్నది కాదు. ఊరూపేరూ లేని సందేశాలు తయారుచేసిన "దొంగ" అన్న గుర్తింపును గుంపు ఆమెకు తగిలించింది. వాటిని పంపినవారిలో అనేకులు పిల్లల క్షేమం కోరి, తోటివారిని హెచ్చరిస్తున్నామని భావించి ఉండవచ్చు. సదుద్దేశం ఉన్నంత మాత్రాన సందేశం నిజం కాజాలదు.

అదే కాలంలో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి కానిస్టేబుళ్ళను గ్రామాలకు పంపి, డప్పులతో, పాటలతో ఈ వదంతులు అబద్ధమని ప్రచారం చేయించారు. 2018 జులైలో వాట్సాప్ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్‌లకు మించి మళ్ళించకుండా పరిమితి విధించింది. గుంపు హత్యల నివారణకు సుప్రీంకోర్టు అదే నెల 17న రాష్ట్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది.

చట్టాలు

* సమాచార సాంకేతిక చట్టం, 2000 (2008 సవరణతో) 66సి సెక్షను: ఇతరుల సంకేతపదం వంటి గుర్తింపు చిహ్నాలను మోసపూరితంగా వాడితే 3 సంవత్సరాల వరకు జైలు, 1 లక్ష రూపాయల వరకు జరిమానా.
* 66డి సెక్షను: కంప్యూటరు లేదా ఫోను ద్వారా వేరొకరుగా నటించి మోసగిస్తే ఇదే శిక్ష.
* గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది.
* పౌరుల సమాచారాన్ని సేకరించే సంస్థల బాధ్యతలను నిర్ణయిస్తూ 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది.

ఆర్థిక మోసానికి గురైనవారు 1930 నంబరుకు వెంటనే ఫోను చేయాలి. ఇతర సైబర్ నేరాలపై జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

బాధ్యతతో పంచుకోవడం

* ఉద్యోగ వివరాలలో సంస్థ, విభాగం, ప్రాజెక్టు పేర్లు అవసరమా అని ఆలోచించాలి. సున్నితమైన సంస్థలలో పనిచేసేవారు సంస్థ నియమాలను పాటించాలి. కుటుంబసభ్యులు కూడా వారి వివరాలు రాయకుండా ఉండాలి.
* ఫోటో పెట్టేముందు దాని నేపథ్యాన్ని చూడాలి. గుర్తింపు కార్డు, బ్యానరు, వాహన సంఖ్య, పిల్లల బడి యూనిఫారం వంటివి కనిపిస్తే వేరే ఫోటో ఎంచుకోవడం మేలు.
* ఇతరులు ఉన్న ఫోటోకు వారి అనుమతి అవసరం.
* ఉమ్మడి మిత్రులు ఉన్నారన్న కారణంతో అపరిచితుల అభ్యర్థనను అంగీకరించరాదు. ఆ మిత్రులనే ఫోనులో అడిగి తెలుసుకోవచ్చు.
* ఆధార్ ప్రతి ఇవ్వవలసి వచ్చినపుడు, వీలైనచోట చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే ప్రతిని ఇవ్వాలి.
* ఒక మనిషిని లేదా వర్గాన్ని నేరస్థులుగా చూపే సందేశం వచ్చినపుడు తేదీ, స్థలం, మూలం చూడాలి. అవి లేని సందేశాన్ని ఇతరులకు పంపరాదు. అనుమానం నిజమనిపిస్తే పోలీసులకు తెలపాలి.

ఇవి కూడా చూడండి

* కంచన్‌బాగ్
* కలంపేరు
* గోప్యత హక్కు
* సమాచార సాంకేతిక చట్టం, 2000