లాపరోస్కోపిక్ నెఫ్రెక్టమీ

లాపరోస్కోపిక్ నెఫ్రెక్టమీ అనగా పెద్ద కోత పెట్టకుండా, చిన్న రంధ్రాల గుండా కెమెరాను, పరికరాలను పంపి మూత్రపిండాన్ని తొలగించే శస్త్రచికిత్స. ఇందులో పలు పద్ధతులు ఉన్నాయి. అన్నిటి లక్ష్యమూ ఒక్కటే అయినా మూత్రపిండాన్ని చేరే దారి, పరికరాలను నడిపే తీరు, అయ్యే ఖర్చు వేరువేరు. వ్యాధిని బట్టి, రోగి శరీరస్థితిని బట్టి పద్ధతిని ఎంచుకుంటారు. కొత్తగా వచ్చిన పద్ధతి అన్ని సందర్భాలలోనూ మేలైనది కాదు.

అవసరమయ్యే సందర్భాలు

* మూత్రపిండంలో క్యాన్సరు కణితి ఏర్పడినప్పుడు
* రాళ్ళ వలన గాని, మూత్రం పోయే దారిలో అడ్డంకి వలన గాని మూత్రపిండం పూర్తిగా పనిచేయనప్పుడు
* మందులకు లొంగని చీము, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు
* ఆరోగ్యవంతుడైన దాత తన మూత్రపిండాన్ని మరొకరికి ఇచ్చినప్పుడు

రెండవ మూత్రపిండం ఆరోగ్యంగా ఉంటే శరీర అవసరాలకు అది ఒక్కటి సరిపోతుంది.

చరిత్ర

ముందుగా నిర్ణయించుకుని మూత్రపిండాన్ని తొలగించిన మొదటి శస్త్రచికిత్సను 1869లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుస్టావ్ సైమన్ చేశాడు. ఆ తరువాత నూరేళ్ళకు పైగా పక్కటెముకల దిగువన పొడవైన కోత పెట్టి, కండరాలను కోసి మూత్రపిండాన్ని తీసేవారు. కొన్నిసార్లు పక్కటెముక ముక్కను కూడా తొలగించవలసి వచ్చేది. లోపలి అవయవాన్ని తీయడం కంటే ఆ కోత మానడమే రోగికి ఎక్కువ బాధ కలిగించేది.

1990 జూన్ 25న అమెరికాలోని సెయింట్ లూయీస్ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాల్ఫ్ క్లేమన్ బృందం మొదటిసారిగా లాపరోస్కోపీ ద్వారా మూత్రపిండాన్ని తొలగించింది. రోగి 85 ఏళ్ళ వృద్ధురాలు. శస్త్రచికిత్సకు దాదాపు 7 గంటలు పట్టింది. మూత్రపిండాన్ని లోపలే సంచిలో ఉంచి, ముక్కలు చేసి, చిన్న రంధ్రం గుండా బయటకు తీశారు.

వీపు వైపు నుండి మూత్రపిండాన్ని చేరే పద్ధతికి ఊతమిచ్చినవాడు ముంబయి వైద్యుడు డి.డి. గౌర్. మూత్రపిండం చుట్టూ పరికరాలు కదలడానికి చోటు లేకపోవడం అప్పటి చిక్కు. ఆయన శస్త్రచికిత్సలో వాడే చేతితొడుగును రబ్బరు గొట్టానికి కట్టి, లోపలికి పంపి, రక్తపోటు కొలిచే పరికరపు రబ్బరు బుడ్డితో గాలి ఊది ఆ చోటును ఏర్పరచాడు. 1992లో ప్రకటించిన ఈ ఉపాయం తక్కువ ఖర్చుతో కూడినది కావడంతో పలు దేశాలలో అనుసరించారు.

శస్త్రచికిత్స జరిగే విధానం

రోగికి పూర్తి మత్తు ఇచ్చి ప్రక్కకు పడుకోబెడతారు. లోపల చోటు కోసం 12 నుండి 15 మిల్లీమీటర్ల పాదరస పీడనంతో కార్బన్ డయాక్సైడ్ వాయువును నింపుతారు. ఈ వాయువు మండదు, రక్తంలో కరిగి ఊపిరితిత్తుల ద్వారా బయటకు పోతుంది. మూత్రపిండానికి రక్తం తెచ్చే ధమనిని ముందుగా, రక్తం తీసుకుపోయే సిరను తరువాత మూసి కత్తిరిస్తారు. వరుస తప్పి సిరను ముందు మూస్తే మూత్రపిండం రక్తంతో ఉబ్బిపోతుంది. క్యాన్సరు ఉన్నప్పుడు మూత్రపిండాన్ని సాధారణంగా ముక్కలు చేయక, సంచిలో ఉంచి ఒక రంధ్రాన్ని పెద్దది చేసి పూర్తిగా బయటకు తీస్తారు. అందువలన కణితి ఎంతవరకు వ్యాపించిందో ప్రయోగశాలలో సరిగా నిర్ణయించవచ్చు.

పద్ధతులు

* ఉదరకుహరం ద్వారా: చోటు విశాలం, గుర్తులు తెలిసినవి. అయితే పెద్దప్రేగును ప్రక్కకు జరపాలి. ఇంతకు ముందు పొట్టకు శస్త్రచికిత్స జరిగినవారిలో అతుకులు అడ్డుపడవచ్చు.
* వీపు వైపు నుండి: ప్రేగుల జోలికి పోకుండా ధమనిని నేరుగా చేరవచ్చు. చోటు ఇరుకు కనుక పెద్ద కణితులకు అంతగా అనుకూలం కాదు.
* చేతి సాయంతో: చేయి పట్టేంత కోత పెట్టి, ఒక చేతిని లోపలకు పోనిస్తారు. స్పర్శ తెలియడం, రక్తస్రావమైతే వెంటనే అదిమిపట్టగలగడం దీని లాభాలు.
* ఒకే రంధ్రం ద్వారా: 2007 నుండి వాడుకలోకి వచ్చింది. మచ్చ తక్కువ. పరికరాలు ఒకదానికొకటి తగులుతుంటాయి కనుక చేయడం కష్టం.
* రోబో సాయంతో: వైద్యుడు కొంత దూరంలో కూర్చొని యంత్రపు చేతులను నడుపుతాడు. మణికట్టులా తిరిగే పరికరాలు, లోతు తెలిసే దృశ్యం దీని ప్రత్యేకతలు.

పోలిక

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 102 మంది రోగులపై మొదటి రెండు పద్ధతులను పోల్చి, ఫలితాలను 2005లో ప్రకటించారు. ఉదరకుహరం ద్వారా ధమనిని అదుపులోకి తేవడానికి సగటున 91 నిమిషాలు, వీపు వైపు నుండి 34 నిమిషాలు పట్టింది. మొత్తం సమయం 207, 150 నిమిషాలు. రక్తనష్టం, నొప్పి మందుల అవసరం, ఆసుపత్రిలో ఉన్న కాలం ఇంచుమించు సమానమే.

రోబో పద్ధతిపై 2017లో వెలువడిన పరిశీలన 2003-2015 మధ్య అమెరికాలోని 416 ఆసుపత్రులలో శస్త్రచికిత్స పొందిన 23,753 మంది వివరాలను చూసింది. ఆ కాలంలో రోబో వాడకం 1.5 శాతం నుండి 27 శాతానికి పెరిగింది. పెద్ద చిక్కులు మాత్రం తగ్గలేదు. 4 గంటలకు పైగా సాగిన శస్త్రచికిత్సలు రోబోతో 46.3 శాతం, మామూలు లాపరోస్కోపీతో 25.8 శాతం. 90 రోజుల ఆసుపత్రి ఖర్చు వరుసగా 19,530, 16,851 డాలర్లు.

ఈ లెక్కలు మూత్రపిండాన్ని పూర్తిగా తీసే సందర్భానికే వర్తిస్తాయి. చిన్న కణితిని మాత్రమే కోసి మిగిలిన భాగాన్ని కాపాడేటప్పుడు ధమనిని కొద్ది నిమిషాలు బిగించి, ఆలోగా గాయాన్ని కుట్టాలి. ఆ కుట్టుపనిలో రోబో బాగా ఉపకరిస్తుంది.

దాతల విషయం

జీవించి ఉన్న దాత నుండి లాపరోస్కోపీ ద్వారా మూత్రపిండాన్ని తీయడం 1995లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లాయిడ్ రాట్నర్, లూయీ కవూసీలతో మొదలైంది. ఎడమ మూత్రపిండపు సిర పొడవైనది కనుక, రెండూ సమానంగా ఉంటే సాధారణంగా దానినే తీస్తారు. దాతకు ఏ రోగమూ లేదు. కనుక అతని భద్రతకే మొదటి స్థానం. దాతల ధమనిని మూయడానికి వాడిన పాలిమర్ క్లిప్పులు జారి ప్రాణనష్టం జరిగిన కారణంగా, దాతల శస్త్రచికిత్సలో వాటిని వాడరాదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2011లో హెచ్చరించింది.

పరిమితులు

క్షయ వలన గాని, దీర్ఘకాలపు చీము వలన గాని మూత్రపిండం చుట్టుపక్కల అవయవాలకు గట్టిగా అతుక్కున్నప్పుడు లాపరోస్కోపీ కష్టం. కణితి పెద్ద సిరలోకి పాకినప్పుడు సాధారణంగా పెద్ద కోతనే ఎంచుకుంటారు. రక్తస్రావం అదుపు తప్పితే మధ్యలోనే పెద్ద కోతకు మారవలసి వస్తుంది. ఇది వైఫల్యం కాదు, రోగి ప్రాణాన్ని కాపాడే నిర్ణయం. అందుకే ఏ పద్ధతిలో చేసినా ఈ అవకాశాన్ని రోగికి ముందే వివరించి సమ్మతి తీసుకుంటారు.

ఇవి కూడా చూడండి

* మూత్రపిండాలు
* మూత్రపిండ మార్పిడి
* లాపరోస్కోపీ