గౌతమి అవతలి ఒడ్డు

అక్కయ్యలూ, మన కోనసీమలో ఎదుర్లంక రేవున నిలబడితే గౌతమికి అవతల కనబడేది యానాం. 1947లో ఇవతల మన జెండా ఎగిరినా, అవతల మరో ఏడేళ్ళు ఫ్రెంచి జెండాయే. శారదా చట్టం వచ్చాక చిన్నపిల్లల పెళ్ళిళ్ళకి మనవాళ్ళు పరుగెత్తింది అక్కడికే లెండి!

యానాంలో అందరిదీ ఒకేమాట కాదు. సమతం కృష్ణయ్యగారు ఫ్రెంచివారి పక్షం. మేయరుగారు విలీనం పక్షం. దడాల రఫేల్ రమణయ్యగారైతే ఒకప్పుడు ఫ్రెంచి పోలీసు ఉద్యోగే! ఆయనే 1954 జూన్ 13న వాలంటీర్లతో వెళ్ళి యానాంను విడిపించారు. నవంబరు 1న పాలన భారతదేశం చేతికొచ్చింది.

కాగితాల మీద విలీనం మాత్రం 1962 ఆగస్టు 16న. ఫ్రెంచి పౌరులుగానే ఉండదలచినవారు రాసివ్వడానికి ఆర్నెల్ల గడువిచ్చారు. అలా రాసిచ్చినవారిని ద్రోహులనడానికి నాకు మనసొప్పదు. ఫ్రెంచి కొలువు చేసి, ఆ పింఛనుతో ఇల్లు నడుపుకునే మనిషి ఏం చేస్తాడు, చెప్పండి?