మెదక్ చర్చికి మొదట బిషప్ లేడు

మెదక్ చర్చిని చూసినవాళ్లు అచ్చం ఇంగ్లండు మధ్యయుగపు గోతిక్ కేథడ్రల్ లాగుందని మురిసిపోతారు. చిత్రమేమంటే, 1924 డిసెంబరు 25న తలుపులు తెరిచిన నాడు అది కేథడ్రలే కాదు. బిషప్ పీఠం ఉంటేనే కేథడ్రల్. దాన్ని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ వెస్లియన్ మెథడిస్టు. ఇంగ్లండు మెథడిస్టులకు బిషప్‌లే ఉండరు. 1947 సెప్టెంబరు 27న ఆంగ్లికన్లు, మెథడిస్టులు మరికొందరితో కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డాకే మెదక్‌కు బిషప్ వచ్చాడు. ఆంగ్లికన్ బిషప్ ఉన్నది డోర్నకల్‌లో. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ వి.ఎస్. అజరయ్య అక్కడ కట్టించి, 1939లో ప్రతిష్ఠించిన కేథడ్రల్‌కు గుమ్మటాలు, మినార్లు మసీదు తీరువి, చెక్కిన స్తంభాలు గుడి తీరువి. బిషప్ లేనివాళ్లు కేథడ్రల్ రూపం తెచ్చుకున్నారు, ఉన్నవాళ్లు వద్దనుకున్నారు. కాబట్టి కట్టడం రూపాన్ని మతం నిర్ణయించదు, కట్టించేవాడి ఇష్టం నిర్ణయిస్తుంది.

ఆ మధ్యయుగం మనకు దూరమేమీ కాదు. నకిరేకల్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకుంటే సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి. రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసానమ్మ అక్కడ ఎరకేశ్వరాలయం కట్టించింది 1208లో. ఇంగ్లండులో సాలిస్‌బరీ కేథడ్రల్‌కు పునాది పడ్డది 1220లో, అంటే మన గుడే పన్నెండేళ్లు పెద్దది! అద్దంలా నునుపు తేలిన ఆ నల్లరాతి స్తంభాలను, వాటి మీది సన్నటి నగిషీని చూసినవాళ్లెవరూ ఇక్కడి రాతిపని తక్కువదనరు. తర్వాతి ఏడు వందల ఏళ్లలో ఆ పనితనం ఎక్కడెక్కడ చెదిరిపోయిందో గానీ, మెదక్‌కు మాత్రం నమూనా ఇంగ్లండు నుంచే వచ్చింది, నేల పలకలూ అక్కడి నుంచే వచ్చాయి. ఇది నష్టమే.

వేలమంది కూర్చునే హాలు స్తంభాలూ దూలాలతో నిలవదు, కమాను కావాల్సిందే అనవచ్చు. నిజమే. కానీ మొనదేలిన కమాను గోతిక్ సొత్తు కాదు. 1591 నుంచీ చార్మినార్ దాని మీదే నిలబడి ఉంది. దీనికంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. డోర్నకల్ సంఘంలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. తమను గడప తొక్కనివ్వని గుడి స్తంభాలు వాళ్లకెందుకు? పరాయి రూపమే వాళ్లకు హాయి కాదా? ఈ మాటను కొట్టిపారేయలేం. అయినా ఆ రాయి చెక్కిందీ మోసిందీ గుడి కట్టించిన దొరలు కాదు, పనివాళ్లే. అజరయ్య కట్టించిన చోట, గుడి బయట నిలబెట్టిన మనిషి ఆ స్తంభాల నడుమే కూర్చున్నాడు.