ఐదు రోజుల పెళ్లిలో ఏది పోయింది, ఏది మిగిలింది

ఒకప్పుడు తెలుగువారి ఇళ్లలో, కాస్త కలిగినవాళ్లయితే, పెళ్లి ఐదు రోజులు సాగేది. ఇప్పుడు రాత్రి ముహూర్తానికి వచ్చిన చుట్టాలు తెల్లవారకముందే తిరుగు బస్సెక్కుతున్నారు. పగటి ముహూర్తమైతే భోజనాలు అవుతూనే హాలు తాళాలు అప్పగించాలి. ఈ కుదింపు గురించి మాట వచ్చినప్పుడల్లా వినిపించేది ఒకటే: మనుషుల్లో శ్రద్ధ తగ్గింది, ఆచారం అడుగంటింది అని. చరిత్రను దగ్గరగా చూస్తే ఆ మాట నిలవదు. శాస్త్రం చెప్పిన తంతులో తరిగింది కొద్దే. బాగా తరిగింది శాస్త్రంలో లేనిది, అంటే ఇంటి ఆడవాళ్లు, ఊరి వృత్తులవాళ్లు తమదిగా నడిపించిన భాగం. ఏ శాస్త్రమూ అడగని కట్నం మాత్రం చెక్కుచెదరలేదు. ఉంచుకోవలసినదీ వదులుకోవలసినదీ మన చేతుల్లో తారుమారయ్యాయన్నదే నా అభియోగం. పెళ్లి పనులు మొదలుపెట్టే ప్రతి కుటుంబానికీ ఈ సంగతి తెలియాలి.

ముందు ఐదు రోజుల లెక్క ఎలా వచ్చిందో చూద్దాం. తెలుగు బ్రాహ్మణుల్లో ఎక్కువమంది పాటించేది ఆపస్తంబ గృహ్యసూత్రం. అందులో పాణిగ్రహణం, హోమం, ఏడడుగులు ప్రధానం. ఆ తర్వాత వధూవరులు మూడు రాత్రులు బ్రహ్మచర్యం పాటించాలి, నేల మీద పడుకోవాలి, ఉప్పూ కారం మానాలి. ఇద్దరి మధ్యా గంధం పూసిన కర్ర ఒకటి ఉంచాలి. నాలుగో రాత్రి చివరి జామున ఆ కర్ర తీసి హోమం చేస్తే వ్రతం ముగుస్తుంది. మనవాళ్లు శేషహోమం అనేది దీన్నే. పెళ్లి నాడూ, ఈ రాత్రులూ, చివర నాకబలీ అప్పగింతలూ కలిస్తే ఐదు రోజులు నిండుతాయి. ఈ నియమాలు ఎదిగిన వధూవరులను దృష్టిలో పెట్టుకున్నవని చదివినవారెవరికైనా తెలిసిపోతుంది. ఐదారేళ్ల పిల్లకు పెళ్లి చేసే కాలం వచ్చాక ఆ వ్రతానికి అర్థం పోయింది. రోజులు మాత్రం అలాగే ఉండిపోయాయి, వాటిని విందులు, వినోదాలు, మగపెళ్లివారి అలకలు నింపాయి. ఇంకో విషయం కూడా గమనించాలి. ఇవాళ పెళ్లి అనగానే మన కళ్ల ముందు మెదిలేవి రెండు ఘట్టాలు. ఒకటి, అడ్డుతెర వెనుక నుంచి ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టడం. రెండోది, మంగళసూత్రం కట్టడం. రెండూ ఆపస్తంబంలో లేవు. ధర్మశాస్త్ర చరిత్ర రాసిన పాండురంగ వామన కాణే గృహ్యసూత్రాల్లో మంగళసూత్ర ధారణ కనబడదని స్పష్టంగానే చెప్పాడు. మరి ఇవి ఎక్కడివి? జవాబు ఆపస్తంబుడి దగ్గరే ఉంది. పెళ్లిలో చేయవలసిన మామూళ్లను ఆడవాళ్లను అడిగి తెలుసుకోవాలని ఆయన సూత్రమే రాశాడు. మరో గృహ్యసూత్రకారుడు ఆశ్వలాయనుడు ఏ ఊరి ఆచారం ఆ ఊళ్లో పాటించమన్నాడు. పెళ్లికి ప్రాణమని మనం అనుకునే ఘట్టాలు పుస్తకంలోంచి రాలేదు, ఇళ్లలోంచి వచ్చి మంత్రం పక్కన చేరాయి.

ఆ ఇంటి భాగం ఎంత విస్తారమో ఇప్పుడు ఊహించడం కష్టం. పసుపు దంచడంతో అది మొదలయ్యేది. రోలుకూ రోకళ్లకూ పసుపు రాసి, తోరాలు కట్టి, ముత్తయిదువలు ఒకరి తర్వాత ఒకరు పాట అందుకుంటూ కొమ్ములు దంచేవారు. పందిరి రాట, నలుగు, మంగళస్నానాలు, పూలబంతులాట, వియ్యపురాలి మీద ఎత్తిపొడుపు పాటలు, అన్నిటికీ పాట ఉండేది, పాటకో పెద్దావిడ ఉండేది. ఐరేని కుండల సంగతే తీసుకోండి. ముత్తయిదువలు మేళంతో కుమ్మరి ఇంటికి బయలుదేరతారు. సున్నపు చారలు, జాజు చుక్కలు పెట్టి ఉంచిన కుండలకు పసుపు కుంకుమలు అద్ది, కుమ్మరి దంపతులకు బియ్యం, బట్ట, తాంబూలం ఇచ్చి, కుండలు ఎత్తుకుని పాడుకుంటూ తిరిగి వస్తారు. ఆ కుండలు పెళ్లింట కొలువుతీరాకే మిగతా పని. పుస్తెలకు కంసాలి, మధుపర్కాలకు సాలెవారు, సన్నాయికి మంగలివారు, దివిటీకి చాకలివారు, పల్లకీకి బోయలు, ఇలా ఊళ్లో సగం గడపలు తొక్కితేగాని పెళ్లి జరిగేది కాదు.

దీన్ని బంగారు కాలంగా చూపిస్తున్నానని ఎవరైనా అంటే ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఆ గడపల్లో చాలావాటికి లేదనే హక్కు లేదు. తెలంగాణలో దొరల ఇంట పెళ్లి వచ్చిందంటే ఊరి వృత్తులవాళ్లందరూ వెట్టి చేయవలసిందే, సరుకులూ ఊరికే ఇవ్వవలసిందే. ఆ వెట్టి మీద జనం తిరగబడ్డారు, అది పోయింది, పోవడమే మంచిది. అయితే పోయినది వెట్టి ఒక్కటే కాదు. కూలి చెల్లించి, గౌరవం ఇచ్చి నిలుపుకోగల పనితనం కూడా దాంతో కొట్టుకుపోయింది. సన్నాయి విద్వాంసుడికి ఇవ్వడానికి డబ్బు లేని పెళ్లిళ్లలో డీజేకు డబ్బు ఉంటోంది. మరో అభ్యంతరం: ఇదంతా పై కులాల చరిత్ర కాదా? ఐదు రోజుల తంతు చాలావరకు వారిదే. మిగిలిన కులాల్లో పెళ్లి చిన్నది, చాలాచోట్ల మగపెళ్లివారే ఆడపిల్ల ఇంటికి ఓలి ఇచ్చేవారు, విధవకు మారుమనువు ఉండేది. దక్షిణాది కులాల మీద 1909లో వెలువడిన థర్‌స్టన్ సంపుటాల్లో ఓలి ప్రస్తావన కులం తర్వాత కులానికి కనిపిస్తుంది. నాలుగు డబ్బులు చేరినకొద్దీ ఈ కులాలూ పై కులాల పద్ధతి అందుకున్నాయి. అలా అందుకున్నవాటిలో పురోహితుడితోపాటు కట్నం కూడా ఉంది. ఈ అభ్యంతరం నా వాదనను బలపరుస్తుందే తప్ప తగ్గించదు.

ఆచారమనే బిరుదుకు కట్నానికి అర్హత లేదనడానికి సాక్ష్యాలు ఆరు వందల ఏళ్ల పొడవునా ఉన్నాయి. విజయనగర సామ్రాజ్యాన్ని రెండో దేవరాయలు ఏలుతున్న 1425-26లో దాని కింది పడైవీడు రాజ్యంలోని కన్నడ, తమిళ, తెలుగు, లాట బ్రాహ్మణులు కలిసి ఒక కట్టుబాటు రాసుకున్నారు. ఇకపై పెళ్లిళ్లు కన్యాదానంగానే జరగాలి, బంగారం ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ రాజదండనకు గురవుతాడు, కులానికి దూరమవుతాడు. ఆ శాసనం విరించిపురం గుడిలో ఉంది. అంటే అప్పటికే పిల్లను ఇచ్చి బంగారం పుచ్చుకోవడం రోగంలా పాకింది, అది తప్పని అదే సంఘం ఒప్పుకుంది. నాలుగున్నర శతాబ్దాల తర్వాత విజయనగరం మహారాజు ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ల కన్యాశుల్కపు పెళ్లిళ్లు లెక్క తీయించాడు. 1,034 తేలాయి. వాటిలో ఐదేళ్ల పెళ్లికూతుళ్లు 99 మంది, ఏడాది పసికందులు ముగ్గురు. గురజాడ తన నాటకం ఇంగ్లీషు ముందుమాటలో ఈ అంకెలు ఇచ్చాడు. ‘కన్యాశుల్కం’ మొదటి ప్రదర్శన 1892లో. మరో మూడు దశాబ్దాలకే కాళ్లకూరి నారాయణరావు ‘వరవిక్రయం’ రాయవలసి వచ్చింది, 1939లో అది సినిమా కూడా అయింది. ఒక తరం దాటేలోపు డబ్బు దిక్కు మార్చుకుంది. కారణాలు పైకే కనిపిస్తాయి: ఇంగ్లీషు చదువు, దాని వెనుక సర్కారు ఉద్యోగం, ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టల తర్వాత డెల్టాలో పెరిగిన భూముల ధర. చదివిన కుర్రాళ్లు కొద్దిమంది, వాళ్లు కావాలనుకునే మామలు ఎందరో. ఒక తరంలో పుట్టినదాన్ని అనాది ఆచారం అనడానికి వీల్లేదు.

కట్నం ఆడపిల్లకు దక్కే ఆస్తి వాటాయేనని సమర్థించేవారు చదువుకున్నవారిలోనూ ఉన్నారు. వారసత్వంలో కూతురికి సరైన చోటు లేని రోజుల్లో ఈ మాటకు కొంత బలం ఉండేదేమో. ఆంధ్రప్రదేశ్ చట్ట సవరణతో 1985 సెప్టెంబరు నుంచి కూతురు ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానమైంది. 2005లో దేశమంతటికీ ఆ హక్కు వచ్చింది. కట్నం నిజంగా వాటాయే అయితే ఆ రోజుతో ఆగిపోవాలి. ఆగలేదు, పైగా పెరిగింది. 1961 నుంచీ నేరమైనా పెరిగింది. వాటా అయితే పిల్ల పేర ఉండాలి, కట్నం వెళ్లేది మామగారి చేతికి.

రోజులు తగ్గడానికి కారణం శ్రద్ధ తగ్గడం కాదన్నాను. 1929లో శారదా చట్టం వచ్చింది, 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆడపిల్లకు 14, మగవాడికి 18 ఏళ్లు నిండాలన్నది. ఆ గడువు లోపల హడావుడిగా పసివాళ్ల పెళ్లిళ్లు జరిగాయి. తర్వాత కూడా గోదావరి జిల్లాలవాళ్లు పిల్లలను తీసుకుని పక్కనే ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న యానాం వెళ్లి పెళ్లి చేసుకొచ్చేవారు. ఆ ఊరికి కల్యాణపురమన్న పేరు అలా స్థిరపడింది. అయినా మెల్లమెల్లగా వయసు పెరిగింది. పెళ్లి, పెద్దమనిషయ్యాక జరిగే కార్యం వేర్వేరు వేడుకలుగా ఉన్నవి ఒక్కచోటికి వచ్చాయి. పిల్ల బడిలో, పెళ్లికొడుకు కొలువులో, చుట్టాలు నాలుగు ఊళ్లలో ఉన్నప్పుడు ఐదు రోజులు ఎవరికీ దొరకవు. ఇంటి ముందు తాటాకు పందిరి వేసే జాగా పట్నంలో లేదు, కల్యాణ మండపానికి అద్దె పూటల లెక్కన కట్టాలి. ఒక పూటలోకి అన్నీ పట్టించవలసి వచ్చినప్పుడు పురోహితుడి భాగం ముహూర్తంతో ముడిపడింది కాబట్టి నిలిచింది, ఆడవాళ్ల భాగానికి గడియారం కాపలా లేదు కాబట్టి జారిపోయింది.

కొత్తగా చేరినవన్నీ చెడ్డవి కావు. సాయంత్రపు రిసెప్షన్‌నీ, నిలబడి తినే బఫేనీ తప్పుపట్టేవారు పాత బంతి భోజనంలో ఎవరు ఎవరి పక్కన కూర్చునేవారో గుర్తు తెచ్చుకోవాలి. కులాన్ని బట్టి పంక్తులు, కొందరికి పందిరి బయట విస్తరి. ఆఫీసులో పనిచేసేవాళ్లంతా ఒకే చోట పళ్లెం పట్టుకోవడం ఆ పంక్తుల కంటే ఎంతో మెరుగు. కలిగినవారి పెళ్లిళ్లలో భోగం మేళం పెట్టించడం ఒకనాడు హోదా. సంస్కర్తలు వీరేశలింగం, రఘుపతి వెంకటరత్నం నాయుడు దాని మీద పోరాడారు, అదీ పోయింది, మనకు నష్టం లేదు. చదివింపులు మాత్రం రూపు మార్చుకుని బతికాయి. పేరు పిలిచి, అంకె చదివి, పుస్తకంలో రాసుకుని, వాళ్లింట పెళ్లికి అంతకంతా తిరిగి పెట్టేవారు. నేటి కవర్లలోనూ నూటపదహార్ల వరస కనబడుతుంది. తెలంగాణ ప్రభుత్వం కల్యాణలక్ష్మి సాయాన్ని 2018లో ₹1,00,116కు పెంచినప్పుడు కూడా ఆ చివరి 116ను వదల్లేదు. పెళ్లిలో వచ్చిన కానుకలకు జాబితా రాసి వధూవరులు సంతకం చేయాలని కట్న నిషేధ చట్టం కింది 1985 నిబంధనలు చెబుతున్నాయి. మన తాతల పుస్తకం దానికి దగ్గరి చుట్టమే, ఆ జాబితాను రాసేవారే కరువు.

తంతు మొత్తాన్నీ తీసేద్దామన్నవాళ్లూ ఉన్నారు, వాళ్ల మాటలో పస ఉంది. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘వివాహవిధి’ రాసి అందరికీ అర్థమయ్యే తెలుగులో పెళ్లిళ్లు జరిపించాడు. కమ్యూనిస్టులు దండల పెళ్లిళ్లు చేశారు. 1955 హిందూ వివాహ చట్టం కూడా ఏ తంతునూ నెత్తిన రుద్దలేదు. వధూవరుల్లో ఏ ఒక్కరి ఆచారం ప్రకారం జరిగినా చాలంది. దండల పెళ్లి ఎంచుకున్నవారి మీద నాకు గౌరవమే. పూర్తి తంతు ఎంచుకుంటే మాత్రం ఇంటివాళ్ల సగం లేని తంతు ఎందుకని అడుగుతున్నాను. వీడియో తీసేవాడు ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడే నలుగు, రికార్డు పాటకు ఆడే పసుపు వేడుక ఆ లోటు పూడ్చలేవు.

ఖర్చుల పట్టీ రాయడానికి కూర్చున్నవారికి ఒక విన్నపం. మొదటి పద్దుగా కట్నం ఉంటే దాన్ని కొట్టేయండి. హాలును ఒక పూట ముందుగా తీసుకోండి, ఆ పూటను ఇంటి ఆడవాళ్లకు వదిలిపెట్టండి. మీ ఇంట పెద్దావిడ ఉంటే పక్కన కూర్చుని పసుపు దంచే పాట, ఐరేని కుండల వరస, అప్పగింతల పాట ఆమె చేత చెప్పించి రాసుకోండి, ఫోనులో రికార్డు చేసుకోండి. మీ ఇంటి వరస ఏ పుస్తకంలోనూ ఉండకపోవచ్చు, తెలిసినవాళ్లు ఇప్పుడు డెబ్బైలు, ఎనభైల్లో ఉన్నారు.