చిన్నచూపు చరిత్ర: పశ్చిమ ప్రకాశంలో పిలుపు, గ్లాసు, పేరు

దళిత ఉద్యమ చరిత్రని మనం శవాల లెక్కన రాసుకున్నాం. కారంచేడు 1985, నీరుకొండ 1987, చుండూరు 1991, వేంపెంట 1998. సభల్లో ఈ పేర్లు చదువుతాం, నిలబడి మౌనం పాటిస్తాం. ఈ వరసలో కొనకనమిట్ల పేరు వినపడదు. పొదిలి, మార్కాపురం, గిద్దలూరు పేర్లూ వినపడవు. అక్కడ కులం మెత్తబడి ఉందా అంటే ఆ ఊళ్లల్లో తిరిగినవాళ్లెవరూ ఔననరు. మనుషులు చస్తేగాని మనం కాగితం తియ్యలేదు, అంతే.

పొదిలికీ మార్కాపురానికీ మధ్యనున్న కొనకనమిట్ల వెలుగొండల ఛాయలోని మెట్ట ప్రాంతం. పొదిలి వైపు ఒకప్పుడు నెల్లూరు జిల్లా. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లా. 1970లో వీటిని కలిపి ఒంగోలు జిల్లా అన్నారు, 1972లో ప్రకాశం అన్నారు. కాలవల కింద వరి పండించే తూర్పు ప్రాంతం ఒక పక్క, వాన కోసం మొగులు చూసే ఈ పడమటి ప్రాంతం ఒక పక్క. కోస్తాలో డబ్బు చేసిన అగ్రకులానికీ చదువుకున్న దళిత యువతరానికీ మధ్య రాజుకున్న ఘర్షణ మీద మన పరిశోధకులు చాలా రాశారు. నీళ్లులేక వలసపోయే మెట్ట పల్లెల్లో కులం రోజూ ఎట్లా పనిచేస్తుందన్నది మాత్రం ఎవరికీ పరిశోధనాంశం కాలేదు.

అసలు కారంచేడు ఎక్కడ మొదలయ్యింది? అప్పటి ప్రకాశం, ఇప్పటి బాపట్ల జిల్లాలోని ఆ ఊళ్లో మాదిగలు తాగే చెరువు నీళ్ల దగ్గర గేదెల కోసం వాడిన బకెట్ కడగబోయారు. వద్దన్న కుర్రాణ్ణి కొట్టబోతే మున్నంగి సువార్తమ్మ చేతిలోని బిందె ఎత్తింది. మర్నాడు, జులై 17న, ఆరుగురిని చంపారు. చుండూరు ఎక్కడ మొదలయ్యింది? సినిమా హాల్లో దళిత యువకుడి కాలు ముందు సీట్లోని అగ్రకుల యువకుడికి తగిలింది. నెల తర్వాత, ఆగస్టు 6న, ఎనిమిది మందిని చంపి గోనె సంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్లో పడేశారు.

పత్రికలు దీన్ని 'చిన్న విషయం చినికి చినికి గాలివాన' అని రాశాయి. మేము ఒప్పుకోం. బకెట్ చిన్న విషయం కాదు. అంతకుముందు ఏళ్ల తరబడి ఎన్నో బకెట్లు కడిగి ఉంటారు, ఎవరూ బిందె ఎత్తలేదు. ఎత్తినరోజు మాత్రమే అది వార్త అయ్యింది. అంటే ఊచకోత అనేది అవమానానికి పెద్దరూపం కాదు, అవమానాన్ని ఇక పడం అన్నందుకు వేసిన శిక్ష. మరి పడ్డ అవమానాల మాటేమిటి? బిందె ఎత్తని రోజులన్నీ ఏ చరిత్రలోకి పోయాయి?

అమెరికాలో చెస్టర్ పియర్స్ అనే నల్లజాతి మానసిక వైద్యుడు 1970లో దీనికొక పేరు పెట్టాడు, మైక్రో అగ్రెషన్ అని. సూక్ష్మదాడి అని మనవాళ్లు అనువాదం చేస్తున్నారు. అంత కష్టం అక్కర్లేదు. మన పల్లెల్లో ఎప్పట్నుంచో ఉన్న మాట చిన్నచూపు. ఇది దెబ్బ కాదు, తిట్టు కూడా కాకపోవచ్చు. చూసే చూపే మనిషిని చిన్న చేస్తుందని ఆ మాటలోనే ఉంది.

చిన్నచూపు మొదట పిలుపులో ఉంటుంది. అరవయ్యేళ్ల మాదిగ పెద్దాయన్ని పదేళ్ల ఆసామి కొడుకు 'ఏరా' అంటాడు. ఆయన 'ఏం అయ్యా' అని పలుకుతాడు. ఆ సమయంలో పక్కన ఆయన మనవడు నిలబడి ఉంటాడు. మనస్తత్వ శాస్త్రం పుస్తకాల్లో వెతికేదంతా ఆ మనవడి మొహంలో ఉంది. తాత మీద జాలి, తాత మీద కోపం, తననెవరైనా అట్లా పిలుస్తారేమోనని ముందే బిగుసుకోవడం, మూడూ ఒకేసారి. తర్వాత గ్లాసు. టీ బంకులో విడిగా పెట్టిన గ్లాసు తీసుకుని, తాగి, తనే కడిగి పెట్టాలి. రెండు గ్లాసుల పద్ధతి చాలాచోట్ల పోయిందంటారు. నిజమే, ప్లాస్టిక్ కప్పొచ్చి దాన్ని కప్పేసింది. తర్వాత చెప్పులు. ఊరందరి చెప్పులు కుట్టిన మనిషే పెద్దవీధిలోకి రాగానే తన చెప్పులు చేతబట్టుకోవాలి.

ఇవి ఒక్కొక్కటిగా చూస్తే ఫిర్యాదు చెయ్యడానికి కూడా సిగ్గనిపించేంత చిన్నవి. దాని బలం అక్కడే ఉంది. చెబితే 'ఇంతదానికేనా' అంటారు, చెప్పకపోతే లోపల ఉండిపోతుంది. ఇది నిజంగా కులమేనా, నేనే అనుకుంటున్నానా అని పడ్డవాడే తూకం వేసుకుంటూ కూర్చోవాలి. ఆ తూకం పని జీతంలేని వెట్టి. చదువుకునే బుర్రని అది తినేస్తుంది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే ఉత్తరప్రదేశ్ పల్లెల్లో ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకి కాగితం మీద చిక్కుదారులు ఇచ్చి పరీక్ష పెట్టారు. కులం సంగతి ఎత్తనప్పుడు దళిత పిల్లలూ అగ్రకుల పిల్లలూ దాదాపు సమానంగా దారులు విప్పారు. పిల్లల పేరు, ఊరు, కులం అందరి ముందూ చదివాక దళిత పిల్లలు వెనకబడ్డారు. పిల్లలు అవే పిల్లలు, ఎవరూ తిట్టలేదు, కొట్టలేదు. 2004లో బయటికొచ్చిన ఈ ఫలితాన్ని మన టీచర్లు చదవాలి. దేశంలోని బడులకి పలకలు పంపిన మార్కాపురం చుట్టుపక్కల బడుల్లో స్కాలర్‌షిప్ ఫారాలు ఇచ్చేటప్పుడు 'ఎస్సీలు లేవండి' అనే పిలుపు ఏం చేస్తుందో అప్పుడైనా తెలుస్తుంది.

ఈ ప్రాంతంలో చిన్నచూపుని ఎదిరించిన చరిత్ర కూడా ఉంది, చాలా పాతది. ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం మీద ఉత్తరాదికి పోయొచ్చేవాడు. క్రీస్తు మాట అక్కడ విని, ఒంగోలుకొచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దగ్గరికి తనే వెళ్లాడు. దొర వచ్చి మాదిగల్ని మార్చాడన్న కథ తలకిందులు, వెతుక్కుంటూ వెళ్లింది పేరయ్య. మాదిగలొస్తే మేము రామని అప్పుడు పైకులాలవాళ్లు షరతు పెట్టారు. క్లౌ దంపతులు మాదిగల పక్కన నిలబడ్డారు. కొత్తగా మతం పుచ్చుకున్నవాళ్లు చేసిన మొదటి పని జాతర్లలో డప్పు కొట్టమనడం, చచ్చిన గొడ్డుమాంసం తినమనడం, ఆదివారం పనికి రామనడం. కరణాలూ మునసబులూ ఊరుకోలేదు. బావులు మూయించారు, అంగళ్లలో సరుకివ్వనియ్యలేదు. కారంచేడుకి నూరేళ్లకి పైగా ముందే ఇక్కడ అదే లెక్క నడిచింది, కాదన్నవాడికి శిక్ష.

1876-78 కరువు తర్వాత, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కరువు కూటికోసం మారారని వెక్కిరించడం మన చరిత్రకారులకి అలవాటు (ఆ వెక్కిరింత కూడా చిన్నచూపులో భాగమే). గంజి పంచుతున్నన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపిన సంగతి వాళ్లు రాయరు. తర్వాత 1894లో పొదిలిలో, 1895లో మార్కాపురంలో మిషన్ కేంద్రాలొచ్చాయి. దేవదానం, కరుణమ్మ, సువార్తమ్మ లాంటి పేర్లొచ్చాయి. ఊరి నోరు మాత్రం వాటిని నిండుగా పలకలేదు. దేవదానం 'దేవిగాడు' అయ్యాడు. గౌరవం కోసం పెట్టుకున్న పేరు పెద్దవీధిలోకి వెళ్లేసరికి సగం తెగిపోయేది.

అందుకే 1994 జులై 7ని మేము ఇక్కడ గుర్తుచేస్తున్నాం. ఒంగోలు దగ్గర ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టింది. వర్గీకరణ డిమాండు మీద చర్చ చాలా జరిగింది, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఉపవర్గీకరణని ఒప్పుకుంది. మాలలకూ మాదిగలకూ మధ్య దాంతో పెరిగిన దూరం గురించీ మాట్లాడాల్సిందే, అది వేరే వ్యాసం. ఇక్కడ మాకు కావలసింది పేరు. తిట్టుగా వాడిన మాటని కుర్రాళ్లు తమ పేర్ల చివర తగిలించుకున్నారు, రెడ్డి, చౌదరి తగిలించుకున్నంత ధీమాగా. ఒకడు తిట్టడానికి దాచుకున్న మాటని నేనే ముందు చెబితే వాడి నోట్లో ఇంకేం మిగుల్తుంది? బడిలో కులం చదివితే కుంగిపోయే మనసు, సభలో అదే కులం గట్టిగా చెబితే నిక్కి నిలబడింది. తేడా ఎవరు పలుకుతున్నారన్నది.

చట్టం సంగతికొస్తే 1989 అత్యాచారాల నిరోధక చట్టం అవమానాన్ని నేరమంది. అయితే అది నలుగురి కంటబడే చోట జరగాలి. కులం పేరుతో దూషించడాన్ని 2015 సవరణ విడిగా చేర్చింది, 'నలుగురి కంటబడే చోట' అన్న షరతు అట్లాగే ఉంచింది. ఇంటి గేటు బయట అన్నా నేరమేనని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అంటే ఈ సెక్షన్ కిందికి రాదని 2020లో చెప్పింది. ఇప్పుడు చిన్నచూపు ఎక్కువగా ఉండేది ఆ నాలుగు గోడల మధ్యే. పల్లె వదిలి మార్కాపురంలోనో ఒంగోల్లోనో ఇల్లు అద్దెకి అడిగితే ఓనరమ్మ ఎంతో మర్యాదగా, మంచినీళ్లిచ్చి మరీ, 'మీరెవురండీ?' అంటుంది. పేరు అప్పటికే చెప్పి ఉంటాం, ఉద్యోగం చెప్పి ఉంటాం. ఆమె అడిగేదేమిటో ఇద్దరికీ తెలుసు. జవాబు విన్నాక 'మా బంధువులకి మాటిచ్చామండీ' అంటుంది. దూషణ లేదు, సాక్షి లేడు, 'రా' అన్న పిలుపు కూడా లేదు. దండోరా సభలో పేరు చివర మాదిగ అని చెప్పుకున్నవాడే రెండో ఇంటి దగ్గర ఆ ముక్క మింగుతాడు, మూడో ఇంటి దగ్గర ఇంకేదో చెబుతాడు. రాత్రికి ఇల్లు దొరుకుతుంది. ఆ వాటాలో ఉన్నన్నాళ్లూ ఊరి నుంచి అమ్మొస్తే ఏం మాట్లాడుతుందోనని, గోడకి ఏ ఫోటో తగిలించాలోనని జాగ్రత్త పడుతూనే ఉంటాడు.