వి.వి. గిరి: కార్మికుల గొడవ కోర్టుకెక్కకూడదన్న బారిస్టరు

వి.వి. గిరి అనగానే మన నోట్సుల్లో ఉండేది 1969. ఇండిపెండెంట్‌గా నిలబడి నీలం సంజీవరెడ్డిని ఓడించడం, రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాల్సి రావడం, కాంగ్రెస్ చీలిక, తర్వాత 1975లో భారతరత్న. ప్రిలిమ్స్‌కి అంతవరకు సరిపోతుంది. కానీ ఆయన ఆలోచన అర్థం కావాలంటే అంతకు ముప్పై ఏళ్ల ముందు మద్రాసు శాసనసభలో కూర్చున్న గిరిని చూడాలి. చదివింది లా. జీవితమంతా వాదించింది మాత్రం, కార్మికుడికీ యజమానికీ మధ్య వచ్చే తగాదా జడ్జి ముందుకు వెళ్లకూడదని. ఈ వ్యాసమంతా ఆ ఒక్క విషయం గురించే.

నేను ప్రిపేరవుతున్నది సంత్రాగాఛిలో ఉండి. హౌరా నుంచి ఖరగ్‌పూర్ వెళ్లే లైన్లో వచ్చే జంక్షన్ ఇది. ఇప్పుడు సౌత్ ఈస్టర్న్ రైల్వే అంటున్నాం గానీ, అసలు పేరు బెంగాల్ నాగపూర్ రైల్వే. 1887లో పుట్టిన కంపెనీ, బోర్డు లండన్‌లో. ఈ కంపెనీ లైను ఒక కొసన హౌరా, ఇంకో కొసన వాల్తేరు. అందుకే గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి తెలుగువాళ్లు పని వెతుక్కుంటూ ఇటు వచ్చారు. ఖరగ్‌పూర్‌లో ఈరోజుకీ తెలుగు వినిపించడానికి కారణం అక్కడి రైల్వే వర్క్‌షాపే. గిరి రాజకీయ జీవితానికి అసలు పునాది పడింది కూడా ఈ లైను మీదే.

ఆయన 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. అప్పటికది మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. 1913లో గిరి లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. ఆ ఏడాదే అక్కడ యజమానులు వేలాది కార్మికులను గేటు బయటే నిలబెట్టిన డబ్లిన్ లాకౌట్ నడిచింది. 1916లో ఈస్టర్ తిరుగుబాటు జరిగింది, ఐర్లండ్ వదిలి వెళ్లమని ఆయనకు నోటీసు వచ్చింది. తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు పెట్టారు. 1920లో సహాయ నిరాకరణ పిలుపుతో దాన్నీ వదిలేశారు. అంటే కోర్టులో గడిపింది నాలుగేళ్లకు మించదు. ప్లీడరు నల్లకోటు విప్పేశాక గిరి చేసిన పనే ఆయన అసలు వృత్తి.

1920ల్లో అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ పెట్టినవాళ్లలో ఆయనొకరు. పదేళ్లకు పైగా దానికి ప్రధాన కార్యదర్శి. 1926లో ఏఐటీయూసీ అధ్యక్షుడయ్యారు. 1927-28లో బీఎన్ఆర్ కంపెనీ ఖర్చు తగ్గించే పేరుతో కార్మికులను తొలగించడం మొదలుపెట్టినప్పుడు, అహింసాయుతంగా సాగిన పోరాటానికి ముందు నిలిచారు. కంపెనీ, ప్రభుత్వం కొన్ని డిమాండ్లకైనా దిగిరావాల్సి వచ్చింది. ఇక్కడ కాసేపు ఆగాలి. అప్పటికి ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చి రెండేళ్లు కూడా నిండలేదు. పారిశ్రామిక వివాదాల చట్టం 1947 దాకా లేదు. కార్మికుడి కేసు వినడానికి ట్రిబ్యునల్ అనేదే లేదు. ఉన్నదల్లా యూనియన్ బలం, ఎదురుగా కూర్చుని మాట్లాడే అవకాశం. ఆ రెండింటితోనే పని జరగడాన్ని గిరి కళ్లారా చూశారు. తర్వాత ఆయన ఏ పదవిలో ఉన్నా ఈ అనుభవాన్ని వదల్లేదు.

1929లో రాయల్ లేబర్ కమిషన్‌ను బహిష్కరించాలని ఏఐటీయూసీ నిర్ణయిస్తే, సహకరించాలన్న గిరి, ఎన్.ఎం. జోషీ బయటికొచ్చి వేరే సమాఖ్య పెట్టుకున్నారు. కమ్యూనిస్టులు దీన్ని మెతకతనం అన్నారు. నాకు మాత్రం ఆయన పద్ధతి ప్రకారమే ఉన్నట్టు అనిపిస్తుంది. మాట్లాడటానికి కుర్చీ వేస్తే కూర్చోవాలన్నది ఆయన లెక్క.

ఇక శాసనసభ. 1935 చట్టం కింద మద్రాసు అసెంబ్లీలో 215 సీట్లు. అందులో కార్మికులకని ప్రత్యేకంగా ఆరు ఉండేవి. యూనియన్ నాయకుడికి అవి ఇంట్లో గది లాంటివి. గిరి వాటిని కాదని బొబ్బిలిలో నిలబడ్డారు. ఎదుట ఉన్నది జస్టిస్ పార్టీ నాయకుడు, ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా చేసిన బొబ్బిలి రాజా. సొంత సంస్థానంలో రాజా ఓడిపోయారు. మన పుస్తకాల్లో దీన్ని కాంగ్రెస్ గాలి అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. గాలి ఉన్నమాట నిజమే, కాంగ్రెస్‌కు 159 సీట్లొచ్చాయి. కానీ జమీందారీ వ్యతిరేకత, జస్టిస్ పార్టీ పతనం, కార్మికోద్యమం మూడూ ఒకే పోటీలో కనిపించే ఉదాహరణ కావాలంటే బొబ్బిలి కంటే మంచిది దొరకదు. అన్నట్టు బొబ్బిలి స్టేషన్ కూడా బీఎన్ఆర్ లైను మీదిదే.

1937లో రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు గిరికి దక్కాయి. 1939లో యుద్ధం విషయమై కాంగ్రెస్ మంత్రివర్గాలన్నీ రాజీనామా చేసేదాకా ఉన్నారు. తర్వాత జైళ్లు. 1946లో మళ్లీ గెలిచి, ప్రకాశం పంతులు మంత్రివర్గంలో మళ్లీ కార్మిక శాఖే తీసుకున్నారు. ప్రకాశం గారూ బారిస్టరే, ఆయనా ప్రాక్టీసు వదులుకున్నవారే. ఆ మంత్రివర్గం ఏడాది కూడా నిలవలేదు. గిరి అక్కడినుంచి సిలోన్‌కు తొలి హైకమిషనర్‌గా వెళ్లారు.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు వచ్చి కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక చెప్పిందే ‘గిరి అప్రోచ్’. జీఎస్‌లో అడిగితే చాలామంది దీన్ని నిర్వచనంలా అప్పజెబుతారు. విషయం ఇది: తగాదా వస్తే ముందు యూనియనూ యాజమాన్యమూ మాట్లాడుకోవాలి, కుదరకపోతే మధ్యవర్తి, ఇష్టపూర్వకంగా ఒప్పుకున్న ఆర్బిట్రేషన్. ప్రభుత్వమే ట్రిబ్యునల్‌కు పంపించే పద్ధతి అలవాటైతే యూనియన్ బలహీనపడుతుంది, నాయకుడు కార్మికుల దగ్గరకు కాక వకీలు దగ్గరకు పోతాడు, గెలిచినా ఓడినా ఇద్దరి మధ్య కక్ష మిగిలిపోతుంది. కోర్టుల లోపలి సంగతి తెలిసిన మనిషి చెప్పిన మాట కాబట్టి దీనికి బరువుంది.

అయినా ఈ వాదనను పూర్తిగా ఒప్పుకోలేం. రైల్వే కార్మికులు ఒకే వర్క్‌షాపులో వేలమంది ఉంటారు, ఒకే కాలనీలో బతుకుతారు, వాళ్లు పని ఆపితే దేశం ఆగుతుంది. బీడీలు చుట్టేవాళ్లకు, హోటల్లో పనిచేసే కుర్రాడికి ఆ బలం ఎక్కడిది? అలాంటివాళ్లకు ఎంత నెమ్మదిదైనా ట్రిబ్యునలే దిక్కు. యజమానులతోపాటు యూనియన్లలోనూ చాలామంది ట్రిబ్యునళ్లనే కోరుకున్నారు, గిరి మాట చట్టం కాలేదు. మెయిన్స్ జవాబులో గిరి అప్రోచ్ రాస్తే ఈ రెండో వైపు కూడా రాయండి.

1954లో ఆయన రాజీనామా చేశారు. బ్యాంకు ఉద్యోగుల వివాదంలో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును కేంద్రం ఉద్యోగులకు నష్టం వచ్చేలా మార్చింది. ట్రిబ్యునళ్లు వద్దన్న మంత్రి, ట్రిబ్యునల్ తీర్పును మార్చారని పదవి వదిలేశారు. ఇందులో తేడా ఏమీ లేదు. బేరమాడుకునే దారి మూసేసి మనిషిని ట్రిబ్యునల్‌కు పంపిందే ప్రభుత్వం. ఆ తీర్పు తనకు నచ్చలేదని దిద్దుకుంటే కార్మికుడికి రెండు దారులూ పోయినట్టే. తర్వాత ప్రభుత్వం బ్యాంకు అవార్డు మీద కమిషన్ వేయాల్సి వచ్చింది.

పాలిటీ చదివేవాళ్ల కోసం ఇంకొకటి. 1957లో గిరి పార్వతీపురం లోక్‌సభ స్థానంలో ఓడిపోయారు. అది ద్విసభ్య నియోజకవర్గం, ఒకటి జనరల్, ఒకటి ఎస్టీ. రెండు సీట్లూ ఎస్టీ అభ్యర్థులే గెలుచుకున్నారు. జనరల్ సీటు గెలిచిన సూరి దొర మీద గిరి కేసు వేశారు. ఎస్టీ రిజర్వుడు సీటుకు నామినేషన్ వేసిన వ్యక్తి జనరల్ సీటు గెలవకూడదన్నది ఒక వాదన, ఆయన కుటుంబం క్షత్రియులమని చెప్పుకుంటోంది కాబట్టి ఆయన గిరిజనుడు కాదన్నది ఇంకో వాదన. 1959లో సుప్రీంకోర్టు రెండూ కొట్టేసింది. రిజర్వేషన్ అనేది కనీస హామీ, గరిష్ఠ పరిమితి కాదన్న అర్థం మనకు ఈ తీర్పులో దొరుకుతుంది. 1961లో ద్విసభ్య స్థానాలే రద్దయ్యాయి. కేసు వాదనలో నా సానుభూతి మాత్రం సూరి దొర వైపే.

గవర్నర్ పదవులు, ఉపరాష్ట్రపతి పదవి అందరికీ తెలిసినవే. 1974 మే 8న రైల్వే సమ్మె మొదలైంది. నడిపిన జార్జి ఫెర్నాండెజ్ అధ్యక్షుడుగా ఉన్న సంస్థ, యాభై ఏళ్ల క్రితం గిరి పెట్టిన ఆ రైల్వేమెన్ ఫెడరేషనే. గిరి అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నారు. చర్చలు జరుగుతుండగానే నాయకులను అరెస్టు చేశారు, వేలమంది జైలుకెళ్లారు, కార్మికుల కుటుంబాలను క్వార్టర్ల నుంచి ఖాళీ చేయించారు. నెలాఖరుకు సమ్మె ముగిసిపోయింది. జులైలో జీతాల పెంపునూ, అదనపు డీఏలో సగాన్నీ నిర్బంధ డిపాజిట్‌లో పెట్టే ఆర్డినెన్సు వచ్చింది. దాని మీద సంతకం గిరిదే. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా ప్రకారమే నడవాలని సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల బెంచి శంషేర్ సింగ్ కేసులో తేల్చిచెప్పింది ఆ ఏడాది ఆగస్టు 23న. మర్నాడు, ఆగస్టు 24న, గిరి పదవీకాలం ముగిసింది.